కోడిపిల్ల పుంజా, పెట్టా?

పొదిగిన కోడి క్రిందినుండి పిల్లలు వెలువడిన నాడు వాటిలో ఏది పుంజు, ఏది పెట్ట అని అడిగితే ఎంతో అనుభవంగల గృహిణి కూడ చెప్పలేదు. ఆరేడు వారాలు గడిస్తే పుంజుపిల్ల జుట్టు పెద్దదై ఎర్రబడుతుంది. మరికొన్ని వారాలకు దాని మెడమీద, నడుముమీద మొనదేలిన ఈకలు మొలుస్తాయి. పెట్టకు ఆ ఈకల కొనలు గుండ్రంగా ఉంటాయి. పెరటిలో నాలుగు కోళ్ళు పెంచుకొనేవారికి ఈ ఆలస్యంవలన పెద్ద నష్టం లేదు. గ్రుడ్లకోసం వేల పిల్లలను కొనేవానికి మాత్రం పుంజులకు వేసిన మేత అంతా దండుగే.

గ్రుడ్డును చూచే చెప్పవచ్చునని పూర్వులు నమ్మారు. కోలగా, మొనదేలి ఉన్న గ్రుడ్లలో పెట్టలు, గుండ్రని గ్రుడ్లలో పుంజులు ఉంటాయని క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ వ్రాశాడు. రోమను రచయితలైన కొలుమెల్లా, ప్లినీ దీనికి సరిగా వ్యతిరేకంగా చెప్పారు! గ్రుడ్లను ఆకారాన్నిబట్టి రెండు గంపలుగా వేరుచేసి పొదిగిస్తే ఇరుపక్షాలూ ఓడిపోతాయి. బడిపిల్లలు కూడ చేయదగిన పరీక్ష ఇది.

ఎందుకు ఓడిపోతాయో 20వ శతాబ్దంలోగాని తెలియలేదు. చారల ఈకలుగల ప్లిమత్ రాక్ పెట్టను చారలు లేని పుంజుతో జతపరిస్తే చారలు కొడుకులకే వస్తాయి, కూతుళ్ళకు రావు. ఈ వింతకు 1908లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్పిల్‌మన్ అర్థం చెప్పాడు. నేటి పరిభాషలో, పుంజు కణాలలో రెండు జెడ్ క్రోమోసోములు, పెట్ట కణాలలో ఒక జెడ్, ఒక డబ్ల్యు ఉంటాయి. తల్లి తన జెడ్‌ను కొడుకులకు, డబ్ల్యును కూతుళ్ళకు ఇస్తుంది. చారల జన్యువు ఉన్నది జెడ్‌మీద. మనుష్యులలో శిశువు ఆడో మగో తండ్రి బీజాన్నిబట్టి తేలితే, కోళ్ళలో తల్లినిబట్టి తేలుతుందన్నమాట. అదీ పెంకు ఏర్పడకముందే! ఇక పెంకు ఆకారం ఏమి చెప్పగలదు?

ఈ జ్ఞానం మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కరకు వచ్చింది. బ్రిటనులో ఆహారానికి కరవు ఏర్పడినప్పుడు, ఇటువంటి సంకరంవలన పుట్టిన పిల్లలను నూగు రంగునుబట్టి మొదటి రోజునే వేరుచేయవచ్చునని కేంబ్రిడ్జి ఆచార్యుడు పన్నెట్ సూచించాడు. నల్లని నూగుతో పుట్టే పిల్లలలో తలపై తెల్లమచ్చ ఉన్నది పుంజు. పద్ధతి చక్కనిదేగాని, ఎంచిన సంకరానికే పనికివస్తుంది. గ్రుడ్లకు పేరుపొందిన తెల్ల లెగ్‌హార్న్ పిల్లలన్నీ ఒకే పసుపు రంగు.

ఆ చిక్కును జపానువారు చేతివ్రేళ్ళతో విడదీశారు. అప్పుడే పుట్టిన పిల్ల మలద్వారాన్ని మెల్లగా విప్పి చూస్తే, పుంజుకు లోపల గుండుసూది తలంత బొడిపె కనిపిస్తుంది. మసుయి, హషిమోతో మొదలైనవారు 1920లలో దీనిని పరిశోధించారు. 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ళ మహాసభలో ఇది లోకానికి వెల్లడి అయింది. కొన్ని పెట్టలకు కూడ బొడిపెవంటిది ఉండడంవలన పుస్తకం చదివి ఈ విద్య నేర్చుకోలేము. వేల పిల్లలను చేతబట్టి అభ్యసించినవారు గంటకు సుమారు 1,000 పిల్లలను పరీక్షించి, నూటికి 98వరకు సరిగా చెప్పగలరు.

అయితే వేరుచేసిన పుంజుపిల్లల గతి ఏమిటి? గ్రుడ్ల జాతి పుంజు మాంసానికి తగినంత ఎదగదు. పుట్టిన రోజునే చంపివేయడం అనేక దేశాలలో వాడుక అయింది. విద్య ఎంత గొప్పదైనా దాని ఫలాన్ని చూచి సంతోషించడం కష్టం. 2022 జనవరి 1 నుండి జర్మనీ ఈ వధను నిషేధించింది. ఇందుకు బదులుగా, పొదుగుడు యంత్రంలో ఉండగానే గ్రుడ్డు ద్రవాన్ని ఒక చుక్క తీసి హార్మోనును పరీక్షించే పద్ధతి ఒకటి వచ్చింది. మరొక పద్ధతిలో గ్రుడ్డుకు రంధ్రమైనా చేయరు. పుంజులు లేతరంగులోను, పెట్టలు గోధుమరంగులోను పుట్టే సంకరాలను ఎంచుకొని, రెండవ వారం చివర పెంకుగుండా వెలుగు ప్రసరింపజేసి, లోపలి పిల్ల ఈకల రంగును యంత్రంతో చూస్తారు. ఆ రంగును నిర్ణయించే జన్యువు కూడ తల్లి కొడుకులకు మాత్రమే ఇచ్చే జెడ్ క్రోమోసోముమీదనే ఉన్నది.