ఏటేటి క్రొత్త అంకె: ఇండ్ల నక్షాల పనిముట్ల కథ

తూర్పు కనుమలలో ఇల్లు కట్టదలచినవాడు ముందుగా నేలను అడుగవలెను. కోరాపుట్ పట్టణము సముద్రమట్టమునకు దాదాపు 870 మీటర్ల యెత్తున నున్నది. ఇచ్చట వీధివాకిలి బాటకు సమముగా నున్న ఇంటికి పెరటివైపున నిలువెత్తు రాతికట్టు లేచుట వింతగాదు. రాయగడలో నాగావళి ఒడ్డున నేల కొంత చదునైనదే కాని, ఊరు పెరిగినకొలది ఇండ్లు గుట్టలమీదికి ప్రాకినవి. ఇట్టి చోట నక్షా యనునది అలంకారము గాదు. ఏ మూల ఎంత త్రవ్వవలెనో, ఏ గోడ ఎంత మట్టిని ఆపవలెనో ముందుగా లెక్క చూడని ఇంటికి మొదటి వానకాలమే పరీక్ష. మన పెద్దలలో ఓవర్సీర్లుగను, డ్రాఫ్ట్స్‌మన్లుగను, కంట్రాక్టర్లుగను, తాపీమేస్త్రీలుగను బ్రతికినవారు పలువురు గలరు. కావున ఆ నక్షాలను గీయు పనిముట్ల చరిత్రను ఈ సంచికలో ముచ్చటించుట అప్రస్తుతము గాదని తలచుచున్నాను.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువఱకు ఈ ప్రాంతము మదరాసు రాజధానిలో, విశాఖపట్టణపు ఏజెన్సీలో భాగమై యుండెను. కట్టడముల విషయమున మదరాసు మరామతు శాఖవారి డిటైల్డు స్టాండర్డు స్పెసిఫికేషన్లే నాడు ప్రమాణము. 1953లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడిన తరువాతకూడ అచ్చటి ఇంజనీర్లు చాలకాలము ఆ గ్రంథమునే చేతబట్టిరి. తరువాత 1992 అక్టోబరు 2న రాయగడ ప్రత్యేక జిల్లా అయ్యెను. రాష్ట్రములు మారినవి, జిల్లాలు మారినవి. తాపీమేస్త్రీ చేతి రసమట్టము, మూలమట్టము మాత్రము మారలేదు. ఆంధ్ర, ఒడిసా రాష్ట్రముల ఉమ్మడి సొత్తై 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన మాచ్‌కుండ్ కేంద్రమును తలచికొనుడు. అంతటి కట్టడముయొక్క నక్షాలన్నియు, కంప్యూటరుతో గీయుట యను మాటయే పుట్టకపూర్వము, మనుష్యులు బల్లలమీద వంగి గీసినవే.

ఆ కాలపు పనిముట్లు మెల్లగా మారినవి. నీలిరంగు నకలు తీయు విధానమును జాన్ హెర్షెల్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1842లో కనిపెట్టెను. కచేరీలలో దాని వాడుక కొన్ని తరములు సాగెను. పిదప ముక్కుపుటములదరగొట్టు అమ్మోనియా ప్రింటు వచ్చెను. టీ-స్క్వేరు, సెట్‌స్క్వేర్లు, ట్రేసింగు గుడ్డ, ఇండియన్ ఇంకు, తప్పుగీతను గీకివేయుటకు సగము విఱిచిన బ్లేడు - డ్రాఫ్ట్స్‌మన్ ఆస్తి యింతే. రూలింగు పెన్ను పోయి గొట్టపు మొనగల పెన్ను వచ్చినపుడు అతడు సంతోషించెను. ఏలయన గీత మందము ఎల్లప్పుడు ఒకే తీరున వచ్చెను. సిరా మరకలు తగ్గెను. ఆ మార్పు ఎందులకు వచ్చినదని యడిగిన, మేస్త్రీ కుఱ్ఱవాడైనను తడుముకొనకుండ చెప్పగలడు. ట్రేసింగు గుడ్డమీది నక్షాకు మఱియొక సుగుణము గలదు: ఏబది యేండ్ల తరువాత దానిని చదువుటకు కన్నులు రెండు చాలును.

1982లో జాన్ వాకర్ మొదలగువారు అమెరికాలో ఆటోడెస్క్ అను సంస్థను నెలకొల్పి, ఆ యేడు చివరనే ఆటోక్యాడ్ అను నక్షా సాఫ్ట్‌వేరును అంగడికి తెచ్చిరి. తొలినాళ్లలో దాని కూర్పులకు వరుస అంకెలుండెను. కూర్పునకు కూర్పునకు నడుమ వ్యవధి ఇంతయని నియమము లేదు. 12వ కూర్పు 1992లో, 13వది 1994లో, 14వది 1997లో వెలువడెను. 13వ కూర్పు తప్పులతడకయని వాడువారు గగ్గోలుపెట్టి, అనేకులు 12వ దానినే వదలక కూర్చుండిరి. 14వది చేతికి వచ్చినపిమ్మట వారి కోపము చల్లారెను. ఇచ్చట గమనింపవలసినది ఒకటి గలదు. నాడు నచ్చని కూర్పును మాని, డబ్బిచ్చి కొన్న పాతదానితో పని గడుపుకొను స్వాతంత్ర్యము వాడువానికి ఉండెను. వ్యాపారికి ఆ భయము ఉన్నంతకాలము క్రొత్త కూర్పు తన్నుతాను నిరూపించుకొనవలసి వచ్చెడిది.

2003లో 2004 అను అంకెతో ఆటోక్యాడ్ వెలువడిన నాటినుండి వ్యవహారము మారెను. ప్రతి వసంతమునను ఒక క్రొత్త కూర్పు, దానికి రానున్న సంవత్సరపు అంకె - ఇది ఆచారమయ్యెను. సిద్ధమైనపుడు విడుదల యను పద్ధతి పోయి, విడుదల దినమునకు ఉన్నంత సిద్ధము చేయు పద్ధతి వచ్చెను.

ఈలోపల మఱియొక పనిముట్టు పుట్టినది. లియోనిడ్ రైజ్, ఇర్విన్ జంగ్రైస్ అను ఇరువురు 1997లో స్థాపించిన చిన్నసంస్థ 2000లో రెవిట్ అను సాఫ్ట్‌వేరును వెలువరించెను. ‘తక్షణము సవరించు’ అను అర్థమిచ్చు ఆంగ్లపదముల ముక్కలను కూర్చి దానికా పేరిడిరి. ఇందులో గోడ గీతల జంట గాదు, గోడయే, కిటికీ కిటికీయే. ప్లానులో కిటికీని జరిపినచో ముఖచిత్రమునను, కోతచిత్రమునను, కిటికీల పట్టికలోను అది దానియంతట జరుగును. డ్రాఫ్ట్స్‌మన్ కాలమునుండి నక్షాకారులను పీడించిన తప్పు - ఒక కాగితమున దిద్ది రెండవదానిలో మఱచుట - దీనితో తీరెను. ఇది నిజమైన మార్పని ఒప్పుకొనవలెను. 2002లో ఆటోడెస్క్ ఆ సంస్థను 133 మిలియను డాలర్లకు కొనెను. రెవిట్‌నకుకూడ ఏటేటి అంకె తగిలినది.

మన కొండనేల కొలతతో ఆ యేటేటి కూర్పులను ఒక్కసారి తూచి చూతము. మన యెడ రాతికట్టు అడుగున లావుగను పైన సన్నముగను ఉండును. మట్టి త్రోపుడును ఆపుటకు అట్లే యుండవలెను. ఈ సంగతి అక్షరము రాని మేస్త్రీకిని తెలియును. రెవిట్‌లో వాలుగోడను గోడ పనిముట్టుతోనే సూటిగా నిలుపు వీలు 2020లో వచ్చిన 2021 కూర్పువఱకు లేదు. అడుగునుండి పైకి సన్నగిల్లు గోడ ఆ మఱుసటి కూర్పున వచ్చెను. అంతవఱకు చుట్టుదారులు త్రొక్కి ఏదో విధముగా సాధింపవలసినదే. నేల సంగతి ఇంకను చోద్యము. భూమిని అది మందములేని పలుచని పొరగా చూచెడిది. మైదానమున ఇల్లు కట్టువానికి దీనివలన పెద్ద యిబ్బంది లేకపోవచ్చును. పునాది సగము కొండలోను సగము గాలిలోను ఉండు కోరాపుట్ ఇంటికి నేలయే ముఖ్యము గదా! నేలకు మందముండునని, అది గట్టిపదార్థమని ఒప్పుకొన్న కూర్పు 2023లో వెలువడిన 2024 కూర్పు. పుట్టిన ఇరువది మూడేండ్లకు దానికి భూమి దొరకినది! ఆ కూర్పుననే తెరను నల్లరంగునకు మార్చుకొను వీలునుకూడ కల్పించిరి. కన్నులకు హాయియే, కాదనను. అయినను నడుమ నడుమ పెక్కు వత్సరములు బొత్తాముల అమరికయు, కొన్ని చిల్లర సౌకర్యములును తప్ప చేతికి తగులునది లేక, పాత చింతకాయ పచ్చడినే క్రొత్త జాడీలో పెట్టిరని వాడువారు విసుగుకొనిరి.

ఏటేటి క్రొత్త పుస్తకము మనకు ఎఱుగనిది గాదు. ఉగాదికి పంచాంగము రాని తెలుగిల్లు గలదా? సంవత్సరపు పేరు మారును, అట్టమీది బొమ్మ మారును. కాని ప్రాచీన సిద్ధాంతగ్రంథముల గణితమునే దిద్దకుండ వాడుటచే పుస్తకమునకును ఆకాశమునకును నడుమ తేడా శతాబ్దముల తరబడి పెరుగుచు వచ్చెను. ఒడిసాలోని ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖరులు (1835-1904) ఆ తేడాను కన్నులార చూచిరి. కఱ్ఱముక్కలతోను వెదురుతోను తానే చేసికొన్న పనిముట్లతో గ్రహములను కనిపెట్టి, పాత అంకెలను సవరించి, సిద్ధాంతదర్పణమును రచించిరి. అది 1899లో అచ్చయ్యెను. దేశమంతటికిని 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1955లో నివేదిక సమర్పించెను; 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము అమలైనది. వేలకొలది ఉగాదులు చేయని సవరణ ఆ యొక్క నివేదికలో జరిగెను. ఆ పండితుడు ఏటేట పుస్తకము అమ్ముటకై సవరింపలేదు. ఆకాశము ఒకటి చెప్పుచుండగా తాటియాకు మఱియొకటి చెప్పుచున్నదని సవరించెను.

కాంక్రీటునకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 చరిత్రయు ఇట్టిదే. 1953లో వెలువడి, 1957, 1964, 1978, 2000 సంవత్సరములలో సవరింపబడెను. భూకంపములకు సంబంధించిన ఐ.ఎస్. 1893 మొదట 1962లో వచ్చెను; 1967లో కోయ్నాయందు భూమి కంపించిన పిమ్మట 1970లో మండలముల పటము మారెను; 1993లో లాతూరు ప్రాంతము నేలమట్టమైన తరువాత, 2002 నాటి సవరణలో ఐదు మండలములు నాలుగయ్యెను. ఈ సవరణలు ఆలస్యముగా వచ్చినవని నిందింపవచ్చును. కారణము లేక వచ్చినవని ఎవ్వరును అనలేరు.

అసలు చిక్కు 2016లో బిగిసెను. ఆటోడెస్క్ ఆ యేట శాశ్వతపు హక్కుతో క్రొత్తగా అమ్ముట మానెను. నాటినుండి క్రొత్తవానికి ఏటేట అద్దె చెల్లించుటయే గతి. కొన్నవాడు ‘ఈ కూర్పు నాకు వలదు’ అనగలడు. అద్దెవాడు అట్లనినచో నక్షాను దిద్దు హక్కునే వదలుకొనవలెను. 13వ కూర్పు నాడు వ్యాపారికి గల భయము ఈ ఏర్పాటుతో తొలగిపోయినది. 2020 జూలైలో పదిహేడు వాస్తుశిల్ప సంస్థలు, జహా హదీద్ వారు, గ్రిమ్‌షా వారు మొదలగు పేరెన్నికగన్న బ్రిటిషు సంస్థలతో సహా, ఆటోడెస్క్ అధిపతి ఆండ్రూ అనగ్నోస్ట్‌నకు బహిరంగలేఖ వ్రాసిరి. ఐదేండ్లలో ఖర్చు డెబ్బది శాతము వఱకు పెరిగినదనియు, రెవిట్ అభివృద్ధి మాత్రము నత్తనడక నడచినదనియు, నేటి కంప్యూటరుల బలమును అది వాడుకొనజాలకున్నదనియు వారి ఆక్షేపణ. వాస్తుశిల్పుల కోరికల విషయమున పని ఆశించినంత వేగముగా సాగలేదని సంస్థవారును అంగీకరించిరి. 2022లో నార్వే, డెన్మార్కు మొదలగు ఉత్తరదేశముల వాస్తుశిల్పులును అట్టి లేఖనే పంపిరి. లండను మహానగరపు కోటీశ్వరులగు శిల్పులును, మన ఊళ్లలో ఒక గది అద్దెకు తీసికొని నక్షాలు గీయు కుఱ్ఱవాడును ఒకే మొఱ పెట్టుట అరుదైన సంగతి. భేదమొక్కటే: వారి లేఖకు జవాబు వచ్చినది.

ఎదుటిపక్షపు మాటయు కొంత వినవలెను. ఇరువదియేండ్ల నాటి సాఫ్ట్‌వేరు పునాదిని మార్చుట, జనము కాపురమున్న ఇంటి క్రింద పునాది మార్చుటవంటిది; లక్షలకొలది పాత నక్షాలు చెడకుండ చూడవలెను. ఆటోక్యాడ్ విషయమున వారు కొంత మర్యాదయు చూపిరి: 2018 కూర్పున వచ్చిన ఫైలు రూపమే 2025 కూర్పునను సాగెను. రెవిట్‌లో ఆ మర్యాద లేదు. క్రొత్త కూర్పులో ఒకసారి భద్రపఱచిన ఫైలును పాత కూర్పు తెరువలేదు. పాత రూపమున తిరిగి వ్రాసియిచ్చు వీలును సంస్థ కల్పింపలేదు. విశాఖపట్టణముననో హైదరాబాదుననో కొలువుచేయు మన పిల్లవాడు 2025 కూర్పున ఒక ఫైలు పంపెననుకొందము. రాయగడలో శాశ్వతపు హక్కుతో పాత కూర్పును కొని యుంచుకొన్న అతని మేనమామ దానిని తెరువజాలడు. క్రొత్తదానిలోని ఏ గుణమును ఆ నక్షాకు అక్కఱలేకున్నను, అంకె యొక్కటి చాలును తలుపు మూయుటకు. తుదకు కాగితముమీద ముద్రించి బస్సులో పంపుకొన్నవారు గలరు.

ఈ చిక్కునకు కొంత విరుగుడును పుట్టినది. ఏ యొక్క వ్యాపారికిని చెందని ఐ.ఎఫ్.సి. అను ఫైలు రూపమును 2013లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరించిరి. దానిని చదువు ఫ్రీక్యాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులు గలవు. వాటికి సంవత్సరపు అద్దె లేదు. పనితనమున రెవిట్‌తో సరితూగునని చెప్పజాలను. అందులో పెద్ద పని చేయుటకు ఓపిక కావలెను. కాని భద్రపఱచుటకు, ఇతరులకు అందించుటకు చాలును. మన సమాజములవారు భవనములు, కల్యాణమంటపములు, ఆలయప్రాకారములు కట్టించుచునే యున్నారు. వానికి నక్షా గీయు ఇంజనీరుతో ఒడంబడిక చేసికొనునపుడు మూడు ప్రతులను అడిగి పుచ్చుకొనవలెనని నా మనవి: అతడు వాడు సాఫ్ట్‌వేరు ఫైలు ఒకటి, ఐ.ఎఫ్.సి. రూపమున ఒకటి, మంచి కాగితముపై ముద్రించి సంతకము చేసినది ఒకటి. మూడవదానిని చెదలు పట్టని పెట్టెలో నుంచి, తాళపుచెవిని కార్యదర్శి మారినపుడెల్ల క్రొత్తవారికి అప్పగింపవలెను.