గైనకోమాస్టియా

మగవాడి రొమ్ములు పెరగడానికి డాక్టర్లు చెప్పే ఈ పేరు గ్రీకుది. ‘గినీ’ అంటే స్త్రీ, ‘మాస్టోస్’ అంటే రొమ్ము. గైనకాలజీలో ఉన్నది మొదటి ముక్కే. రెండోది రొమ్మును తీసేసే మాస్టెక్టమీలోనే కాదు, మాస్టడాన్‌లోనూ ఉంది; ఆ అంతరించిన ఏనుగుజాతి జంతువు దంతాల మీది బొడిపెలు చనుమొనల్లా కనిపించాయని ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త కువియే ఆ పేరు పెట్టాడు.

రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ ఈ మాటను వాడింది కొవ్వు పెరుగుదలకు. ఇప్పుడు అర్థం తిరగబడింది: గ్రంథి పెరిగితేనే గైనకోమాస్టియా. ఉత్త కొవ్వయితే ముందు ‘సూడో’ తగిలిస్తారు. పాపం, గేలెన్ చెప్పినదే నకిలీ అయిపోయింది!

ఏడో శతాబ్దంలో ఏజినా ద్వీపవాసి పాల్ దీనికి శస్త్రచికిత్స రాశాడు. రొమ్ము కింద నెలవంకలా కోసి, లోపలి కొవ్వు తీసి, కుట్టెయ్యాలి. మరీ జారి ఉంటే రెండు నెలవంకలు కోసి, మధ్య చర్మాన్నీ తీసెయ్యాలి. ఆడంగితనమన్న నింద ఉంది కాబట్టి కొయ్యడం సబబేనన్నాడు. నొప్పి కాదు, నింద! నేటికీ చాలామందిని సర్జన్ దగ్గరికి నడిపించేది అదే.

1946లో వెబ్‌స్టర్ అనే సర్జన్ కోతను చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయంలోకి మార్చి, మచ్చ కనపడకుండా చేశాడు. తర్వాత లైపోసక్షన్ వచ్చింది. అది కొవ్వును లాగుతుంది, గట్టి గ్రంథిని మాత్రం చాలాసార్లు కోసే తియ్యాలి. యుక్తవయసు కుర్రాళ్లలో చాలామందికి ఒకటి రెండేళ్లలో అదే తగ్గిపోతుంది, కత్తితో పనే ఉండదు.