షెర్లాక్ హోమ్స్‌కి దొరికిన లంక చుట్ట

1889 ఆగస్టు 30. లండన్ లాంగ్‌హామ్ హోటల్లో రాత్రి విందు. పిలిచినవాడు జోసెఫ్ స్టోడార్ట్. ఫిలడెల్ఫియాలో లిపిన్‌కాట్స్ మాసపత్రికకు సంపాదకుడు, మంచి నవలలు పట్టుకుపోదామని సముద్రం దాటి వచ్చాడు. వచ్చినవాళ్లలో ఒకడు ఆస్కార్ వైల్డ్. ఇంకొకడు పేరు ఇంకా అంతగా మోగని డాక్టరు, ఆర్థర్ కానన్ డాయిల్. ఆ విందు పుణ్యాన ఇద్దరూ చెరో నవల రాశారు. వైల్డ్‌ది 'డోరియన్ గ్రే'. డాయిల్‌ది 'ది సైన్ ఆఫ్ ఫోర్'. 1890 ఫిబ్రవరి సంచికలో అచ్చయింది.

మన గోదావరి చుట్ట బేకర్ వీధి గుమ్మం తొక్కింది ఆ నవల మొదటి అధ్యాయంలోనే.

పొగాకు బూడిద మీద తానొక చిన్న పుస్తకం రాశానని హోమ్స్ వాట్సన్‌తో అంటాడు. నూటనలభై రకాల బూడిదలు, రంగుల బొమ్మలతో సహా. హంతకుడు ఇండియా 'లంక' కాల్చాడని తేలితే చాలట, వెతకాల్సిన మనుషుల సంఖ్య ఇట్టే తగ్గిపోతుందట. ఏ లంక అని ఎవరూ తడుముకోనక్కర్లేదు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చగా 1886లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో ఉంది: మద్రాసు రాజధానిలో జనం మెచ్చే ఘాటైన చుట్ట, గోదావరి డెల్టా దీవుల్లో పండే పొగాకుతో చేసింది అని. అప్పటికి ఇండియా మొహం చూడని డాయిల్‌కి కూడా ఆ పేరు తెలిసిందంటే, సరుకు ఎంత దూరం వెళ్లిందో చూడండి.

ఎలా వెళ్లింది? వరద తీశాక లంకల మీద మిగిలే ఒండ్రులో నాటిన పొగాకు అది. కోసిన ఆకును ఆరబెట్టి, మండెలు వేసి మగ్గనిస్తారు. మండె లోపల వేడెక్కుతుంది, దాన్ని తిరగేస్తారు, మళ్లీ వేస్తారు. ఘాటు కుదుటపడేది అక్కడే. ఆకు చుట్టే ముందు కాస్త తడిపి మెత్తబరచి, ఈనె లాగేసి, ముక్కల్ని లోపల పెట్టి, బయట మంచి ఆకు ఒకటి బిగిస్తారు. 1852లో గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవలు కాకినాడ దాకా నడిచాయి. రేవులో లోతు తక్కువ కాబట్టి ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకును నావల్లో మోసేవారు. బర్మా చుట్టలకు కావలసిన ఆకు కూడా మన తీరం నుంచి రంగూన్ వెళ్లేది. వెళ్లింది ఆకు. పేరు పెట్టుకున్నది అక్కడివాళ్లు.

ఇదే కాలంలో మనకూ ఒక చుట్ట నిపుణుడున్నాడు: గిరీశం. ఆయనున్న 'కన్యాశుల్కం' నాటకం తొలిసారి ఆడింది 1892లో, డాయిల్ నవలకు రెండేళ్ల తర్వాత. లండన్ ఆయన ఎవరో కాల్చిపారేసిన బూడిదను పరీక్షించాడు. మన ఆయన తానే కాల్చి, పద్యం చదివి, అప్పు పెట్టాడు. చుట్టను గొప్ప చేయడం నా ఉద్దేశం కాదు. నిప్పు నోటిలోపల ఉంచుకుని అడ్డపొగ తాగే ఉత్తరాంధ్ర ఆడవాళ్ల అంగిళ్లకు అదేం చేసిందో వైద్యులు రాసిపెట్టారు.

ఇక చర్చిల్. ఆయన కాల్చింది లంక చుట్టేనని గోదావరి జిల్లాల్లో ఒట్టేసి చెబుతారు. కాగితాల్లో కనబడేది మాత్రం హవానా. 1941లో క్యూబా పొగాకు కమిషన్ ఆయనకు 2,400 చుట్టలున్న బీరువా పంపితే, విషమేమైనా ఉందేమోనని గూఢచారి శాఖ నమూనాలు పరీక్షించింది. అదే ఏడు ఏప్రిల్లో జర్మన్ బాంబు పడి, ఆయన చుట్టలు దాచిన డన్‌హిల్ దుకాణం కూలితే, తెల్లవారకముందే ఫోను చేసి, మీ చుట్టలు భద్రంగా ఉన్నాయండీ అని ఆయనకు చెప్పారట. లంక వైపు సాక్ష్యంగా ఒక్క రసీదు చూపించండి, రేపే నమ్ముతాను.

సరే, పాత చుట్టలు సేకరించే పెద్దమనిషి ఒకడు హోమ్స్ లంకను వెతుక్కుంటూ కాకినాడ దిగాడనుకుందాం. జగన్నాథపురం వంతెన దాటి, ఓ చిన్న కొట్టు ముందు ఆగుతాడు.

"ఏవండీ, పాత లంక చుట్టలేమైనా ఉన్నాయాండీ?"

"ఆయ్, ఉన్నాయండి. మొన్నటివండి."

"అంత కొత్తవి కాదండీ. నూరేళ్లనాటివి."

"నూరేళ్లు దాస్తే పురుగు తినేత్తాదండి. ఎవరు దాత్తారండి?"

కొట్టాయన చెప్పింది శాస్త్రమే. హవానా చుట్టను స్పానిష్ సెడార్ చెక్క పెట్టెలో నూటికి 65-70 పాళ్ల తేమలో, చల్లగా ఉంచితే దశాబ్దాలు నిలుస్తుంది. వేడి పెరిగితే ఆకులోని గుడ్లు పగిలి, పొగాకు పురుగు బయటికి తొలుచుకొస్తుంది. తేమ ఎక్కువైతే బూజు. కాకినాడ వేసవి గాలిలో రెండూ పుష్కలం.

పైగా సేకరించేవాళ్లు డబ్బు పోసేది పొగకు కాదు, ఆనవాలుకు. 1947లో పారిస్‌లో చర్చిల్ సగం కాల్చి వదిలేసిన చుట్ట 2017లో అమెరికా వేలంలో 12 వేల డాలర్లు దాటింది. దాని నడుముకున్న పట్టీ మీద ఆయన పేరు అచ్చయి ఉంది మరి. మన కొట్లలో చుట్టకు కట్టేది దారం. దారం మీద ఏ పేరూ ఉండదు. అందుకే ఆ పెద్దమనిషికి నా సలహా ఒకటే: చుట్ట సంగతి వదిలేసి, లిపిన్‌కాట్స్ 1890 ఫిబ్రవరి సంచిక ఎక్కడైనా అమ్మకానికి వస్తుందేమో చూసుకోండి. జేబు మాత్రం గట్టిగా ఉండాలి.