కురుంబేడా: కోటగా పేరుపడిన మధ్యయుగపు ప్రాంగణం

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌కు సుమారు 27 కిలోమీటర్ల దూరంలో, కేశియాడి సమీపాన గల గగనేశ్వర్ గ్రామంలో కురుంబేడా అనే మధ్యయుగపు కట్టడం ఉంది. దీనిని కోట అని పిలవడం వాడుక. అయితే సైనిక దుర్గానికి ఉండవలసిన లక్షణాలు ఇందులో కానరావు. విశాలమైన నలుచదరపు ప్రాంగణం, దాని చుట్టూ స్తంభాల నడవ, నడుమ ఎత్తయిన అరుగుపై మూడు గుమ్మటాల కట్టడం: ఇదీ దీని స్వరూపం. బెంగాలీలో ‘బేడా’ అంటే కంచె, చుట్టుగోడ. కట్టడపు అసలు స్వభావాన్ని దాని పేరే తెలుపుతోంది.

ఐరోపాలోని మధ్యయుగపు కెథీడ్రళ్ల పక్కన ఇటువంటి నడవలు గల ప్రాంగణాలు కనిపిస్తాయి. మన ప్రాంతంలోని పెద్ద దేవాలయాల ప్రాకార మండపాలూ ఇదే అవసరాన్ని తీర్చాయి. ఎండ, వాన తగలకుండా జనం నిలిచేందుకు, నడిచేందుకు అవి నీడనిచ్చాయి.

గజపతుల కాలం

ఇక్కడి ఒడియా శాసనం ఆధారంగా ఈ నిర్మాణాన్ని 15వ శతాబ్దానికి, సూర్యవంశ గజపతి కపిలేంద్రదేవుని కాలానికి చెందినదిగా చెబుతారు. 1434లో రాజ్యానికి వచ్చిన ఈ ప్రభువు తెలుగు చరిత్రలో కపిలేశ్వర గజపతిగా ప్రసిద్ధుడు. రాజమహేంద్రవరం, కొండవీడు ఆయన ఏలుబడిలోకి వచ్చాయి. గౌడేశ్వర బిరుదు ధరించిన ఆయన అధికారం ఉత్తరాన బెంగాల్ సరిహద్దుల వరకు సాగింది. కనుక నేటి ఖరగ్‌పూర్ పరిసరాలు, గోదావరి తీరం ఒకప్పుడు ఒకే రాజ్యంలోని భాగాలు. నాలుగున్నర శతాబ్దాల తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం తెలుగువారు ఈ పట్టణానికి తరలివచ్చి స్థిరపడ్డారు.

ఎర్రరాతి పనితనం

నిర్మాణానికి వాడినది ఈ నేలలోనే దొరికే లాటరైట్ రాయి. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన కొద్దీ గట్టిపడటం దీని గుణం. రంధ్రాలు ఎక్కువ కనుక సన్నని చెక్కడాలకు ఇది అంతగా లొంగదు. అందుచేత ఇక్కడి అందం శిల్పాలలో కాక, దిట్టమైన స్తంభాల వరుసలలో, వాటి నడుమ పడే వెలుగునీడలలో ఉంది. రాతి వరుసలను ఒకదానికంటే ఒకటి కొంచెం ముందుకు చాచి పైకప్పును కలపడం కళింగ నిర్మాణ సంప్రదాయం. గుమ్మటాలు మరొక సంప్రదాయానికి చెందినవి. ఔరంగజేబు పాలనాకాలంలో, 1691లో మహమ్మద్ తాహిర్ అనే వ్యక్తి ఇక్కడ మసీదు నిర్మించినట్లు చెబుతారు.

ఈ విధంగా రెండు కాలాల, రెండు సంప్రదాయాల పనితనం ఒకే ఆవరణలో నిలిచింది. ఒకదానిని తొలగించి మరొకదానిని చూడాలనుకుంటే చరిత్రలో సగమే మిగులుతుంది. ఏ రాయి ఏ కాలానిదో నిర్ణయించేందుకు శాసనాలు, కట్టడపు తీరు తప్ప వేరే ఆధారాలు అరుదు. రాయి కదిలినా, అక్షరం చెరిగినా ఆ ఆధారం తిరిగి రాదు.

సందర్శకులకు

కురుంబేడా భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది. చట్టం ప్రకారం రక్షిత కట్టడం సరిహద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. కట్టడాన్ని పాడుచేసినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. గోడలపై పేర్లు చెక్కడమూ కట్టడాన్ని పాడుచేయడమే.

తాల్‌బగీచా వంటి ఖరగ్‌పూర్ పేటలలో నివసించేవారు ఉదయం బయలుదేరి, కేశియాడి మీదుగా వెళ్లి, సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఎండ ఏటవాలుగా పడే వేళ నడవలో ఒక చుట్టు తిరిగితే ఈ ప్రాంగణపు కొలత, పొందిక చక్కగా బోధపడతాయి.