చక్రం తిప్పెటోళ్లు

దగ్గరికి జరుగుండ్రి పోరగాండ్లూ, చలి పెడ్తుంది. ఎన్నికలొస్తె చాలు, "ఈసారి ఫలానాయన చక్రం తిప్పుతడు" అంటరు గద, ఆ ముచ్చటేందో జెప్త ఇనుండ్రి.

పెద్ద తలకాయ వేరు, చక్రం తిప్పెటోడు వేరు. పెద్ద తలకాయంటె గద్దె మీద కూసున్నోడు, పైసలున్నోడు. చక్రం తిప్పెటోడు పక్కన నిలవడి పని నడిపిస్తడు. ఈ మాట ఎట్ల పుట్టిందంటె ఒక్కొక్కలు ఒక్కో తీరు జెప్తరు. రథ చక్రాలకు అడ్డం లేనోడే చక్రవర్తి, ఆడికెళ్లి వచ్చిందని కొందరు. కాదు, కృష్ణునికెళ్లి వచ్చిందని కొందరు. నాకు రెండోదే సరిపోయినట్టు కొడ్తది. ఆయన ఆయుధం పట్టనన్నడు. అర్జునుని రథం తోలుకుంటనే యుద్ధమంత నడిపిచ్చిండు.

మన షోలాపూర్ భవాని పేట్‌ల ఆ మాటకు తగ్గ మనిషి గిర్ణి జాబర్, అంటె బట్టల మిల్లుల కూలోళ్లను పనికి పెట్టెటోడు. మన పద్మశాలోళ్లు నిజాం ఇలాకల బతుకు ఎల్లక షోలాపూర్ వచ్చిరి. 1877ల పెట్టిన జూనీ గిర్ణి, దాని ఎనుక లక్ష్మీ, విష్ణు, నర్సింగ్ గిర్జీ గిర్ణీలు. భోంగ కూసిందంటె పేటంత లేచేది. మాలక్ మొకం ఎవలు జూసిండ్రు? సాంచ మీద ఎవలిని నిలవెట్టాల్నో, బదిలోనిని ఏ పొద్దు పిలువాల్నో, అంత జాబర్ నోట్ల ఉండె. చెయ్యి తడిపినోనికే పని.

మరి ఇంట్ల? తాత మగ్గం నేస్తుంటె అవ్వ రాట్నం తిప్పి కండెలు చుట్టేది. పొయ్యి కాడికో, పిల్ల ఏడ్చిందనో ఆమె లేచిందంటె, నాడెల కండె అయిపోయి మగ్గం ఆగుడే. చక్రం తిప్పింది ఆమె, పెద్దరికం మాత్రం తాతది.

తర్వాత ఆడోళ్లు బీడీలు చుట్టిండ్రు. నర్సయ్య ఆడం మాస్టర్ ఎనుక ఎర్రజెండ పట్టి ఇండ్ల కోసం మోర్చాలు తీసిండ్రు. 2006ల షోలాపూర్ పక్క కుంభారి కాడ 10,000 ఇండ్లు వాళ్ల చేతికొచ్చినయి. మాస్టర్ మూడుమాట్ల ఎమ్మెల్యే అయిండు గని, గా ఆడోళ్లు రోడ్డెక్కకుంటె ఒక్క ఇల్లన్న లేసేదా?

అందుకే రేపు ఎవలన్న చక్రం తిప్పుతుండంటె నోరు తెరుసుకొని సూడకుండ్రి. ఎవలి కోసం తిప్పుతుండో ముందు అడుగుండ్రి.