పీపాలో పెరిగే రుచి: జపాను తొలి విస్కీ నేర్పిన పాఠం

క్రొత్త బియ్యం కంటే పాత బియ్యానికి వెల ఎక్కువ. క్రొత్త బియ్యం వండితే అన్నం ముద్ద అవుతుంది. ఏడాది నిలువ ఉన్న బియ్యం మెతుకు మెతుకు విడిగా ఉడుకుతుంది. ఊరిన ఆవకాయ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అంటే కొన్ని పదార్థాలలో కాలం కూడ ఒక దినుసు అన్నమాట. ఆ దినుసుకు అయ్యే ఖర్చు ఎంతటిదో, అది చాలకపోతే ఏమవుతుందో జపాను దేశపు తొలి విస్కీ కార్ఖానా చరిత్ర చక్కగా తెలుపుతుంది.

మసటాకా టకెత్సురు 1894లో హిరోషిమా ప్రాంతంలోని టకెహారాలో జన్మించాడు. బియ్యంతో సాకే అనే మద్యాన్ని తయారు చేయడం ఆ కుటుంబం వృత్తి. ఆ రోజులలో జపానులో విస్కీ పేరుతో అమ్ముడుపోయే సరుకు చాలవరకు మామూలు మద్యసారానికి రంగు, వాసన కలిపినదే. అసలు విద్యను నేర్చుకొని రమ్మని ఒసాకాలోని ఒక మద్యం కంపెనీ 1918లో అతనిని స్కాట్లండుకు పంపింది. అక్కడ గ్లాస్గోలో రసాయన శాస్త్రం చదివాడు. 1919లో లాంగ్‌మోర్న్‌లోను, 1920లో కాంబెల్‌టౌన్ ఊరి హేజెల్‌బర్న్ బట్టీలోను పని నేర్చుకొన్నాడు. చూచినదంతా నోటు పుస్తకాలలో వ్రాసుకొన్నాడు.

తీరా 1920 చివర స్వదేశం చేరేసరికి, పంపిన కంపెనీకి కార్ఖానా కట్టే స్తోమతు లేకపోయింది. 1923లో షింజిరో టోరీ అనే వర్తకుడు పదేండ్ల ఒప్పందంపై టకెత్సురును తీసుకొన్నాడు. టోరీ 1907 నుంచి ‘అకాడామా’ అనే తియ్యని ద్రాక్షమద్యం అమ్మి డబ్బు గడించినవాడు. క్యోటో, ఒసాకా నగరాల మధ్య, మూడు నదులు కలిసే చోటికి దగ్గరగా ఉన్న యమజాకిలో కార్ఖానా వెలసింది. 1924 నవంబరులో అక్కడ బట్టీలు వెలిగాయి.

విస్కీ తయారీలో మొదట బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తిస్తారు. స్కాట్లండులో అనేక చోట్ల ఈ మొలకలను పీట్ పొగలో ఆరబెడతారు. బురద నేలలలో మొక్కలు కుళ్ళి దట్టంగా పేరుకొనగా ఏర్పడే ఇంధనమే పీట్. దాని పొగలోని ఫినాలులు గింజలకు పట్టుకొంటాయి. తరువాత గింజలను దంచి, వేడినీటితో తీపి రసం తీసి, ఈస్టుతో పులియబెట్టి, రాగి బట్టీలలో రెండు మారులు కాచి దించుతారు. దిగిన సారా నీటివలె స్వచ్ఛంగా ఉంటుంది. అందులో ఆల్కహాలు సుమారు 65 నుంచి 70 శాతం.

ఈ పసి సారాను పరీక్షించేవారు దానిని గుటకవేయరు. ఆల్కహాలు సుమారు 20 శాతానికి దిగేదాకా నీరు కలిపి ముక్కుతో చూస్తారు. ఘాటు తగ్గితేనే తక్కిన వాసనలు బయటపడతాయి. పండ్ల వాసన ఎస్టరులది. ఉడికిన కాబేజీ వంటి వాసన గంధక సమ్మేళనాలది. పొగ వాసన ఫినాలులది. వీటిలో ఏది పోతుంది, ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది అని ఊహించడమే వారి పని. పెండ్లిచూపులలో పిల్లవాడి రేపటి నడవడిని అంచనా కట్టడం వంటిదే ఇది.

ఆ మార్పు జరిగే చోటు ఓక్ కర్రతో చేసి లోపల కాల్చిన పీపా. కాలిన పొర గంధకపు వాసనలను తగ్గిస్తుంది. కర్రలోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ మొదలైన సువాసన పదార్థాలను ఇస్తుంది. టానిన్లు, రంగు దిగుతాయి. పీపా పలకలగుండా చొరబడే ఆక్సిజన్ నెమ్మదిగా చర్య జరిపి క్రొత్త ఆమ్లాలను, ఎస్టరులను పుట్టిస్తుంది. అదే దారిన స్కాట్లండులో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దానిని దేవదూతల వాటా అంటారు. బ్రిటిషు ప్రభుత్వం 1915లో, యుద్ధకాలంలో, సారాను పీపాలలో కనీసం రెండేండ్లు నిలువ ఉంచాలని చట్టం చేసి, ఏడాది తరువాత ఆ గడువును మూడేండ్లకు పెంచింది.

యమజాకిలో ఏటేటా డబ్బు లోపలికి పోతున్నదే కాని, రాబడి లేదు. చివరకు 1929 ఏప్రిల్ 1న ‘షిరోఫుడా’, అనగా తెల్ల చీటీ, అనే పేరుతో తొలి విస్కీ బజారుకు వచ్చింది. అందులోని అతి పాత సారాకు కూడ ఐదేండ్లు నిండలేదు. టకెత్సురు స్కాట్లండు పద్ధతినే అనుసరించాడు. పొగ వాసన దట్టంగా ఉన్నది. సాకే మృదుత్వానికి అలవడిన నాలుకలకు అది మాడు వాసనగా తోచింది. సరుకు అమ్ముడుపోలేదు. డబ్బు లేక 1931లో బట్టీలు వెలిగించలేదు. టోరీ తన పండ్లపొడి వ్యాపారాన్ని కూడ అమ్ముకొన్నాడు. ఒప్పందం గడువు తీరగా 1934లో టకెత్సురు వెళ్ళిపోయాడు.

కాని గోదాములోని పీపాలు తమ పని మానలేదు. మనుషులు నష్టాలు లెక్కించుకొంటూ ఉండగా, లోపల సారా మెత్తబడుతూ వచ్చింది. ముదిరిన ఆ నిలువలను కలిపి టోరీ 1937లో ‘కాకుబిన్’, అనగా పలకల సీసా, విడుదల చేశాడు. ఈ మారు జనం ఆదరించారు.

టకెత్సురు కూడ ఈ పాఠాన్ని మరువలేదు. హొక్కైడో దీవిలో, చల్లని యోయిచి ఊరిలో 1934లో సొంత కంపెనీ పెట్టి, ముందుగా ఆపిల్ పండ్ల రసం అమ్మాడు. 1936లో సారా దించి, దానిని పీపాలలో నిలువ ఉంచి, 1940లో గాని తన విస్కీని బయటికి తీయలేదు. పండ్ల రసం అమ్మి కాలాన్ని కొన్నాడన్నమాట!

ఈ కాలాన్ని వేడి కొంత కుదిస్తుంది. రసాయన చర్యలు వెచ్చని చోట చురుకుగా సాగుతాయి గదా. 2004లో తన విస్కీని గ్లాస్గోలో విడుదల చేసిన బెంగుళూరు అమృత్ కార్ఖానాలో నాలుగైదేండ్లకే సారా ముదురుతుంది. కాని అక్కడ ఏటా 10 నుంచి 12 శాతం ఆవిరైపోతుంది. కాలంలో మిగిలినది సరుకులో పోతుంది.

రసాయన శాస్త్రవేత్త నేడు వెనిలిన్‌ను కొలవగలడు, ఎస్టరులను వేరుచేయగలడు. అయినా పసి సారాను వాసన చూచి దాని పదేండ్ల తరువాతి స్థితిని ఊహించడానికి అనుభవజ్ఞుని ముక్కు ఇంకా కావలసే ఉన్నది. ఆ ఊహ నిజమయ్యేదాకా ఆగగల స్తోమతు కూడ ఉండాలి. 1929లో యమజాకికి కొరవడినది విద్య కాదు. ఆ వ్యవధి మాత్రమే.