సైకిల్ ఫ్రేము గొట్టాల వంపు పరీక్ష

ఉక్కు గొట్టాలను అతికి ఫ్రేము కట్టే ముందు అవి తిన్నగా ఉన్నాయా, వంపుంటే ఏ వైపుంది అని తేల్చుకునే పని ఇది.

1880లలో జర్మనీలోని రెమ్‌షైడ్‌లో మాన్నెస్‌మాన్ సోదరులు ఎర్రగా కాల్చిన ఉక్కు కడ్డీని ఏటవాలు రోలర్ల మధ్య తిప్పి అతుకులేని గొట్టం చేసే పద్ధతి కనిపెట్టారు. 1897లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ మిల్‌వర్డ్ రెనాల్డ్స్ బృందం బటెడ్ గొట్టానికి పేటెంటు పొందింది. బయటి కొలత అంతటా ఒకటే. లోపల మాత్రం కొసల్లో మందం, నడుమ పలచన. ఇలాంటి గొట్టాన్ని మాండ్రిల్ అనే లోపలి కడ్డీ మీద లాగి తయారుచేస్తారు. మాండ్రిల్ లోపలే బిగుసుకుపోతుంది కాబట్టి, రోలర్ల మధ్య తిప్పి గొట్టాన్ని వెంట్రుకవాసి వదులు చేసి బయటికి తీస్తారు. ఇన్ని ఒత్తిళ్లు పడ్డ లోహం కొద్దో గొప్పో వంగడంలో వింతేమీ లేదు.

కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తే పెద్ద వంపులు దొరుకుతాయి. చిన్నవాటికి సమతలమైన బల్ల, అంటే సర్ఫేస్ ప్లేటు కావాలి. మూడు పలకలను ఒకదానితో ఒకటి సరిచూస్తూ, ఎత్తులను చేత్తో గీకి నిజమైన సమతలం సాధించడంపై జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో పత్రం చదివాడు. అది సైకిళ్ల కోసం చేసిన పని కాదు. కానీ అలాంటి బల్లమీద గొట్టాన్ని దొర్లిస్తే, అడుగున కనిపించే వెలుతురు వంపును పట్టిస్తుంది. అంకె కావాలంటే రెండు వీ-బ్లాకుల (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద తిప్పుతూ నడుమ డయల్ గేజి అనే ముల్లు కొలమానాన్ని ఆనిస్తారు. గొట్టం గుండ్రంగా ఉంటే ముల్లు కదలిక అసలు వంపుకు రెట్టింపు. గోడ మందంలోని తేడాలు మాత్రం ఈ రెంటికీ అందవు.

వంపున్న ప్రతి గొట్టాన్నీ పారేయనక్కర్లేదు. వంపు దిక్కును గుర్తు పెట్టుకుని, అది పక్కలకు కాక ఫ్రేము నిలువు తలంలోనే పడేలా అమరిస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో నడుస్తాయి. నా దృష్టిలో పరీక్షకు అసలు ప్రయోజనం ఇదే.

1935లో వచ్చిన రెనాల్డ్స్ కంపెనీ 531 రకం గొట్టాలతో కట్టిన ఫ్రేమును తర్వాత చల్లగానే వంచి సరిదిద్దే వీలుండేది. 1970ల మధ్యలో వచ్చిన 753 వేడిచికిత్స పొందిన గట్టి ఉక్కు, వంచినా వెనక్కి లేస్తుంది, కాబట్టి గొట్టాలను ముందే సరిచూసుకోవాలి. నమూనా అతుకు పంపి రెనాల్డ్స్ ఆమోదం పొందినవారికే ఆ గొట్టాలు అమ్మేవారు.

తిన్నని గొట్టమైనా అతుకు వేడికి లాగుకుంటుంది. అందుకే అతికాక వెనక చక్రం కూర్చునే రెండు కొసల నుంచి తల గొట్టం చుట్టూ దారం బిగించి, సీటు గొట్టానికి ఇరువైపులా ఎడం కొలుస్తారు. తల గొట్టం మెలిక తిరిగి ఉంటే దారం చెప్పలేదు, దానికి బల్లే గతి.